గేర్ బాక్సులో నైంటీ

మా బావ జీపు గ్లవ్ బాక్సులో ఒక పుస్తకం ఉంది. బండి ఇంటికి తెచ్చిన రోజు ఇంద్రకీలాద్రి కింద గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, బానెట్‌కి పెట్టిన బొట్టే ఆ పుస్తకానికీ పెట్టారు. తర్వాత ప్లాస్టిక్ కవర్లో చుట్టి లోపల పడేశారు. రెండేళ్లలో దాన్ని ఒక్కసారే బయటికి తీశారు, ఫోన్‌కి బ్లూటూత్ కలపడానికి.

ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదని నా నిశ్చితాభిప్రాయం. గేర్ ఆయిల్ ఏది పోయాలో పుస్తకం చూసి తేల్చుకోవడం మన పద్ధతి కాదు. నలుగురినీ అడగాలి. అడిగినవాళ్లు అలగకుండా అందరి మాటా కొంచెం కొంచెం వినాలి. పుస్తకం తెరిస్తే విషయం ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. తేలిపోతే ఇక సాయంత్రం టీ బడ్డీ దగ్గర మాట్లాడుకోవడానికి మిగిలేదేమిటి?

అసలు ఈ ప్రశ్న ఎందుకొచ్చిందో చెప్పాలి. బావ బండి నాలుగు చక్రాలకూ బలం పంపుతుంది. ఆ బలం అక్కరకొచ్చిన చోటు రెండేళ్లలో ఒక్కటే, పటమటలో పైపుల కోసం తవ్విన గొయ్యి. ఆ వెలితి తీర్చుకోవడానికి మొన్న ఏప్రిల్‌లో ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తేలిన చోట ఏట్లోకి దింపాడు. మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ మీదుగా ఫస్టూ సెకండూ గేర్ల మధ్య ఈదుకుంటూ వచ్చిన బండి అది. కింద భాగం మొత్తం కాలిపోతోంది. దాన్ని మోకాటి లోతు నీళ్లలో నిలబెట్టి, పావుగంట ఫొటోలు దిగాడు. వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. అది ఊపిరి పీల్చుకోవడానికి బ్రీదర్ అని ఒక చిన్న గొట్టం ఉంటుంది. ఆ గొట్టం నీళ్లలో ఉంటే గాలికి బదులు కృష్ణమ్మనే పీలుస్తుంది.

వారం తర్వాత వెనక నుంచి ఒక మూలుగు మొదలైంది. ఎలాగూ కింద విప్పాలి కాబట్టి ఆయిల్స్ అన్నీ ఒకేసారి మార్చేద్దామని ఇంటిల్లిపాదీ తీర్మానించాం.

మొదట బాబాయిని అడిగాం. ఆయన రెవెన్యూలో రిటైరయ్యారు. గేర్ బాక్సు పక్కన ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుందని బావ చెప్పగానే, "ఏ జోన్‌కి?" అని అడిగారు. అది ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే పెట్టె అని వివరించాం. పంచేటప్పుడు ఎవరికైనా ఎంతో కొంత సమర్పించుకోవాల్సిందే కాబట్టి ఆయిల్ ధారాళంగా పోయమన్నారు. అనుభవజ్ఞుడి మాట, కాదనలేం.

తర్వాత బావ తమ్ముడు. అతని సిద్ధాంతం సూటిగా ఉంటుంది. గేర్ ఆయిల్ రకాల్లో జీఎల్ ఫోర్ అని ఒకటుంది, జీఎల్ ఫైవ్ అని ఇంకొకటుంది, నాలుగు కంటే ఐదు పెద్దది, కాబట్టి అన్నిట్లోనూ ఫైవ్ పోసేయాలి. ఎంసెట్‌లో ర్యాంకు చిన్నదైతే మేలని తెలిసిన కుర్రాడే, ఇక్కడ మాత్రం పెద్దంకెకు పడిపోయాడు. ఫైవ్‌లో గంధకం, భాస్వరం కలిపిన మందు ఎక్కువ. వెనక ఇరుసులో క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ విపరీతమైన ఒత్తిడితో తిరుగుతాయి, వాటికి ఆ మందు కావాలి. మామూలు గేర్ బాక్సులో ఉండేవి ఇత్తడి సింక్రో రింగులు, గేరు మెత్తగా పడేలా చూసేవి అవే. ఆ మందు కొన్నిసార్లు ఇత్తడిని తినేస్తుంది, గేరు పడేటప్పుడు గరగరమంటుంది. అందుకే చాలా గేర్ బాక్సులకు ఫోర్ పోయమని రాస్తారు. గోత్రాలు చూడకుండా సంబంధం కలపని ఇంట్లో పుట్టి కూడా ఇంత అశ్రద్ధ ఏమిటని అతన్ని మందలించాం.

బావ స్వయంగా ఎంచుకున్నది 75డబ్ల్యూ-90 అని చిక్కదనం గుర్తున్న నూనె. డబ్బా మీద మంచుకొండ బొమ్మ ఉందట. డబ్ల్యూ అంటే వింటర్. 75డబ్ల్యూ అన్న పేరు రావాలంటే ఆ నూనె మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా గడ్డకట్టకుండా కదలాలి. మన ఊళ్లో చలంటే సంక్రాంతి తెల్లవారుజామున భోగిమంట ముందు మంకీ క్యాప్‌తో కూర్చోవడం. అయినా జాగ్రత్త మంచిదే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు పనికొచ్చేది ఆ తర్వాతి 90 అంకె.

ఆ అంకె దగ్గరే మావయ్య లేచారు. "నైంటీయా? ఒక్క నైంటీతో ఏం సరిపోతుందిరా, ఫుల్లు పోయించండి." మద్యం కొలతల్లో ఆయనకున్న పట్టు గేర్ ఆయిల్ విషయంలో లేదని సర్దిచెప్పాం. ఆయన రెండో అనుమానం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. ఇంజిన్ ఆయిల్ నలభైయే కదా, నైంటీ అంటే రెండింతలు చిక్కన కాదా అని. కాదు. ఆ కొలబద్ద వేరు, ఈ కొలబద్ద వేరు. వేడి మీద గేర్ ఆయిల్ 90 చిక్కదనం ఇంజిన్ ఆయిల్ నలభై, యాభై దగ్గర్లోనే ఉంటుంది. ఇది చెప్పాక మావయ్య చాలా నిరుత్సాహపడ్డారు.

ఇక గుంటూరు పెదనాన్న. మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి, ఫోన్లోనే తీర్పిచ్చారు. "ఎర్రది పోయించండి. ఎర్రగా ఉంటే ఘాటుంటది." ఆయన చెప్పే ఎర్రది ఏటీఎఫ్, ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో పోసే ద్రవం. ఆ ఎరుపు కేవలం రంగు. కారితే ఇంజిన్ ఆయిల్ కాదని కనిపెట్టడానికి కలుపుతారు. అందులో డెక్స్రాన్, మెర్కాన్ అని రకాలున్నాయి, ఏదైనా చూడ్డానికి ఎర్రగానే ఉంటుంది, లోపలి గుణాలు వేరు. బ్యాడిగి మిరపకాయ నిగనిగలాడే ఎరుపు, కారం మాత్రం తక్కువ. ఈ సంగతి నాకు చెప్పింది పెదనాన్నే. ఒకప్పుడు అమెరికాలో ఈ ద్రవాల్లో తిమింగలం నూనె కలిపేవాళ్లని, 1970ల్లో మానేశారని చెబితే మా అత్తయ్య టీ గ్లాసు కింద పెట్టేసింది. శాకాహారుల బండి మరి.

ఇన్ని అభిప్రాయాలు మూటగట్టుకుని ఆటోనగర్ వెళ్లాం. మేస్త్రి బండి కింద దూరి, అన్నిటికంటే ముందు ఆయిల్ పోసే ప్లగ్గు వదులు చేశాడు. కింది ప్లగ్గు ఎందుకు విప్పలేదని బావ హుషారుగా అడిగాడు. "పాతది కార్చేశాక పైది రాకపోతే కొత్తది ఎక్కడ పోస్తాం సార్?" అన్నాడు మేస్త్రి. మా నలుగురిలో ఎవరికీ తట్టని మాట అది. తర్వాత కింది ప్లగ్గు తీస్తే రేకులోకి కారింది ఆయిల్ కాదు, చిక్కటి పాలు పోసిన అల్లం టీ. ప్లగ్గు చివరి అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. మేస్త్రి దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వెలుతురులో పెట్టి చూశాడు. "పొడే. ముక్కల్లేవు. బతికిపోయారు."

"మరి ఏ ఆయిల్ పోద్దాం?" అంటూ బావ అందరి సలహాలూ వరసగా ఏకరువు పెట్టాడు. మేస్త్రి ఓపిగ్గా విని, వేస్ట్ గుడ్డతో చేతులు తుడుచుకుని, "బుక్కుందా సార్?" అన్నాడు.

బావ కవర్ విప్పాడు. కుంకుమ రాలింది. మేస్త్రి చివరి పేజీల్లో వేలు పెట్టి అర నిమిషంలో పట్టిక పట్టుకున్నాడు. గేర్ బాక్సుకు జీఎల్ ఫోర్, ముందూ వెనకా ఇరుసులకు జీఎల్ ఫైవ్, ట్రాన్స్‌ఫర్ కేస్‌కి ఏటీఎఫ్. దేనికి ఎన్ని లీటర్లో కూడా పక్కనే ఉంది.

అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ వరకు పెదనాన్న మాటే నెగ్గింది. బావ ఆ పేజీ వైపు చాలాసేపు చూశాడు.

"ప్రింటింగ్ మిస్టేక్ అయ్యుంటుందిలే" అంటూ బాబాయికి ఫోన్ కలిపాడు.