రిటైరు కాని టైరు గారికి

మా గార్డెన్ ట్రాక్టర్ ఎడమ వెనక టైరు గారికి నమస్కారాలు.

శంషాబాద్ వైపు ఏదో ఫంక్షన్ హాల్ లాన్‌లో గడ్డి కోసి కోసి అలిసిపోయిన బండిని సెకండ్ హ్యాండ్‌లో కొని మొయినాబాద్ తోటకి తెచ్చినప్పుడే మీరు తిరుపతి వెళ్ళొచ్చినట్టు నున్నగా ఉన్నారు, గడ్డి కోసే బండికి గ్రిప్ ఎందుకులే అనుకున్నా, వానలు పడ్డాక తెలిసింది, మామిడి చెట్ల మధ్య బురదలో మీరు గిర్రున తిరుగుతారు గానీ బండి అంగుళం కదలదు, నేనూ మా తోటమాలీ వెనక నుంచి తోస్తుంటే బురదంతా మా మొహాలకే.

గాలి సంగతి చెప్పాలంటే ఇంకా మంట. మీకు కావాల్సింది 10, 12 పీఎస్‌ఐ, కారు టైరుకి కొట్టేదాంట్లో మూడో వంతు, అదీ పొద్దున కొడితే సాయంత్రానికి ఉండదు. ట్యూబ్ వేయిస్తే తుమ్మ ముల్లు, ప్యాచ్ వేయిస్తే దాని పక్కనే ఇంకో ముల్లు. ఐదోసారి పంక్చర్ షాపాయన "అన్నా, గిది టైర్ కాదే, జల్లెడ" అన్నడు.

మీ ఒంటి మీద 23×10.50-12 అని రాసుంది. అంటే 23 అంగుళాల ఎత్తు, పదిన్నర వెడల్పు, 12 అంగుళాల రిమ్ము. రాణిగంజ్‌లో ఈ లెక్క చెప్తే ప్రతి షాపులో ఒకటే మాట, "ఆటోదా సార్?"

ఎలాగో దొరికింది. దొరికితే నువ్వు రిమ్ము వదలవే! (మర్యాద ఇక్కడితో బంద్.) తుప్పుకి అంచు అతుక్కుపోయింది, సబ్బు నీళ్ళు పోసి, లివర్ మీద ఇద్దరం ఎక్కి నిల్చుంటే గానీ ఊడలేదు. కొత్తది ఎక్కించాక అంచు రిమ్ముకి ఆనుకోక గాలంతా బుస్సుమని పోతుంటే చుట్టూ తాడు కట్టి, కర్రతో మెలిపెట్టి బిగించి కొడితే టప్పుమని కూర్చుంది. బాణం గుర్తు చూస్కోకుండా మొదట తిరగేసి బిగించాం, అది ఎవరికీ చెప్పకు.

నిన్ను పంపు షెడ్డు వెనక పడేశా. నిన్న చూస్తే, గాలి ఒక్క పూట ఆపలేనిదానివి, వాన నీళ్ళు వారం నుంచి ఒడుపుగా పట్టుకుని కూర్చున్నావ్, అందులో దోమ పిల్లలు ఈత కొడుతున్నాయి. డెంగీ దోమకి ఇలాంటి ఇల్లే కావాలి మరి. ఆదివారం డ్రిల్ పట్టుకుని వస్తున్నా.

ఇట్లు,
నడుం పట్టేసిన నీ ఓనర్

ప్రతి: కుడి వెనక టైరు గారికి. పిసినారితనంతో ఒక్కటే మార్చా, బండి మీ వైపు ఒరుగుతోంది, మీ ఆర్డర్ కూడా పెట్టేశా.