పొటెన్షియల్ గారికి, పోర్ట్‌లాండ్ 300 లెవెల్ నుంచి

మహారాజశ్రీ పొటెన్షియల్ గారికి, అదే, 'వీడు ముందు ముందు గొప్పవాడవుతాడు' అనే ఆశకి, నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఈ వైపు కుశలం ఏమీ లేదండి. 2023-24 సీజన్‌లో అమెరికా ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో మా పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్ 82 మ్యాచులాడి 21 గెలిచారు, 61 ఓడారు. జట్టు చిక్కి సగమైంది. మీరు మాత్రం ఓడినకొద్దీ ఒళ్లు చేశారు.

నేను పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటాను. చిప్పుల ఫ్యాక్టరీల పుణ్యమా అని మా వీధిలో చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్లినా ఇద్దరితో తెలుగులో మాట్లాడి రావాలి. మ్యాచ్ ఉన్న రోజు నేనూ మా బావా బ్లూ లైన్ రైలెక్కి రోజ్ క్వార్టర్‌లో దిగి, మా జట్టు ఆడే మోడా సెంటర్‌లో 300 లెవెల్‌కి, అంటే చెయ్యి చాస్తే పైకప్పు అందుతుందేమో అనిపించే చోటికి ఎక్కుతాం. మా ఇద్దరి మధ్యలో మూడోవారు మీరు, టికెట్టు లేకుండా. ఆ ఏడాదంతా మీ గురించి తప్ప మేం ఆట గురించి మాట్లాడుకున్నది లేదు, మా అక్క అయితే మీరెవరో కొత్త స్నేహితుడు అనుకుంది.

మీరు ఆ ఏడాది కాపురం పెట్టింది స్కూట్ హెండర్సన్ అనే కుర్రాడి మీద. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్టులో, 2023లో, వెంబన్యామా, బ్రాండన్ మిల్లర్ తరవాత మూడో పిక్. వయసు 19. కాలేజీకి వెళ్లకుండా ఎన్‌బీఏకి కింది మెట్టు లాంటి జీ లీగ్‌లో ఇగ్నైట్ అనే జట్టుకి ఆడి వచ్చాడు. ఆ జట్టు ఆడే ఊరి పేరూ నెవాడాలోని హెండర్సనే, మా బావ దాన్ని కూడా శుభశకునం కింద మీ ఖాతాలో వేశాడు (ఆ జట్టుని 2024లో మూసేశారు, దాన్ని ఎవరి ఖాతాలో వేశాడో చెప్పలేదు). సీజన్ మొదలవడానికి నెల ముందు, పదకొండు సీజన్లు ఈ ఊరిని మోసిన డేమియన్ లిల్లార్డ్‌ని మిల్వాకీకి పంపేశారు. పెళ్లికొడుకు రైలెక్కి వెళ్లిపోతే తమ్ముణ్ణి పీటల మీద కూర్చోబెట్టినట్టు, ఇక నువ్వే రా అని బంతి ఈ పిల్లాడి చేతిలో పెట్టారు.

ఏడాది చివరికి లెక్క ఇదీ: ఆటకి 14 పాయింట్లు, 5.4 అసిస్టులు (తన పాస్‌తో పక్కవాడు వేసిన బాస్కెట్లు), 3.4 టర్నోవర్లు (బంతి ఎదుటివాళ్లకి పోగొట్టినవి). వేసిన షాట్లలో పడినవి 38.5 శాతం. ఈ నాలుగంకెల్లో మా బావ మొదటి రెండే చదువుతాడు, నేను చివరి రెండే చదువుతాను, అలా మా ఇద్దరికీ కలిపి ఒక పూర్తి ఆటగాడు.

ఒక రాత్రి సంగతి చెప్తాను, మీరూ పక్కనే ఉన్నారుగా. మూడో క్వార్టర్. స్కూట్ బంతి కొట్టుకుంటూ వచ్చాడు, మనవాడొకడు స్క్రీన్ పెట్టాడు, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. మంచి షూటర్ అయితే డిఫెండర్ ఆ స్క్రీన్‌ని ఒరుసుకుంటూ పైనుంచే వెంటపడతాడు. ఇతనికోసం ఆ కష్టం పడలేదు, తీరిగ్గా స్క్రీన్ వెనకనుంచి చుట్టు తిరిగొచ్చి ఆరడుగుల అవతల నిలబడ్డాడు, వేసుకో నాయనా అన్నట్టు. కుర్రాడు రింగు వంక చూశాడు. ఆ చూపు అరక్షణం ఎక్కువైంది. వేశాడు. రింగు వెనక అంచుకి తగిలి బంతి పైకి లేచింది, కింద పడేలోపే 300 లెవెల్‌లో సగం మంది తలలు పట్టుకున్నారు. తరవాతిసారి అదే చోట షాట్ వేయకుండా ముగ్గురి మధ్యలోకి దూరి ఎవరికో పాస్ ఇచ్చాడు, ఆ ఎవరో అక్కడ లేడు, బంతి ముందు వరసలో ఒకాయన ఒళ్లో పడింది. సరే అయిపోయింది అనుకుంటుంటే, ఆ వెంటనే, మొదటి అడుగులోనే ఎదుటి మనిషిని అక్కడే పాతేసి వెళ్లి, గాల్లో బంతి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చి, బోర్డుకి మెత్తగా తాకించి దించాడు. హాలంతా లేచింది. మా బావ నా వీపు మీద ఒక్కటిచ్చి "చూశావుట్రా!" అన్నాడు.

"చూశాను బావా, రెండు పాయింట్లు."

"నీకు కళ్లు లేవు."

ఆయనకి కనపడింది మీరండి. నాకు కనపడనిది కూడా మీరే.

రైల్లో తిరిగొస్తూ మీ తరఫు వాదన మొదలు. మీది అచ్చం పెళ్లిళ్ల పేరయ్య పద్ధతి, సంచిలోంచి కుదిరిన సంబంధాల ఫోటోలే తీస్తారు. కోబీ బ్రయంట్ 1997లో, 18 ఏళ్లప్పుడు, యూటాతో ప్లేఆఫ్ మ్యాచులో రింగుకి కూడా తగలని షాట్లు నాలుగు వేశాడు, తరవాత ఏమయ్యాడో చూడు. స్టీవ్ నాష్ మొదటి ఏడాది 3.3 పాయింట్లు, తరవాత రెండు ఎంవీపీలు, అంటే సీజన్‌లో మేటి ఆటగాడి బిరుదులు. యానిస్ అంటెటొకుంపో మొదటి ఏడాది 6.8, ఆయనకీ రెండు. అన్నీ నిజమే. కానీ యానిస్ 15వ పిక్‌గా వచ్చిన అదే 2013 డ్రాఫ్టులో మొదటి పిక్ ఆంథొనీ బెనెట్, తొలి ఏడాది 4.2, నాలుగేళ్లలో నాలుగు జట్లు, ఆ పైన లేడు. ఆ ఫోటో సంచి అడుగున ఎందుకుంటుందండీ ఎప్పుడూ?

నేనిలా అడిగేసరికి బావ పెద్ద ఆయుధం తీశాడు. అప్పటి మా కోచ్ చాన్సీ బిలప్స్ కూడా 1997లో మూడో పిక్కే, ఆయనా స్కూట్ లాగే బంతి నడిపించే పాయింట్ గార్డే, బోస్టన్ వాళ్లు మొదటి సీజన్ పూర్తి కాకుండానే పంపించేస్తే చివరికి 2004లో డెట్రాయిట్‌కి కప్పు తెచ్చి ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు. "ఇంకేం సాక్ష్యం కావాలి?" అన్నాడు. బిలప్స్ ఆడిన జట్లలో డెట్రాయిట్ ఎన్నోది బావా, ఐదోది, ఆయన మీద ఆశ పెట్టుకున్న మొదటి ఊళ్లకి దక్కిందేంటి అన్నాను. అదీకాక ఆ డెట్రాయిట్ బెంచీ మీదే ఆ ఏడాది డార్కో మిలిచిచ్ కూర్చుని ఉన్నాడు, 2003లో, తరవాత పెద్ద తారలైన కార్మెలో, బాష్, వేడ్ ముగ్గుర్నీ వదిలి మరీ తెచ్చుకున్న రెండో పిక్. కప్పుతో దిగిన ఒకే ఫోటోలో మీ ఇద్దరు బిడ్డలూ ఉన్నారు, ఒకడు ముందు, ఒకడు వెనక, ఏడాది ముందు చూస్తే ఎవరు ఎవరో మీరైనా చెప్పగలిగేవారా?

"ఏరా, 19 ఏళ్లప్పుడు నువ్వేం చేస్తున్నావ్?" అని అడుగుతాడు అన్నీ అయిపోయాక. సప్లీలు రాస్తున్నాను. దాంతో నోరు మూతపడుతుంది.

అసలు మీతో నా పరిచయం బాస్కెట్‌బాల్ నాటిది కాదు. విజయవాడలో ఇంటర్ చదివేటప్పుడు మీ పేరు "బుర్ర ఉంది గానీ". కూర్చుంటే వెయ్యి లోపు ర్యాంకు కొడతాడండీ అని లెక్చరర్ మా నాన్నతో అన్నాడు. కూర్చున్నాను. రాలేదు. పరీక్ష రోజు టెన్షన్ పడ్డాడు అన్నారు, అంటే మీకేం కాలేదు, పోయిందల్లా నా ర్యాంకు. అందుకే నాకు ఆ కుర్రాడి మీద కంటే మీ మీదే కోపం. వాడు తప్పు చేస్తే అంకెల్లో కనపడుతుంది, మీరు తప్పు చేస్తే వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది.

ఈ ఊళ్లో మీకు పాత అప్పులున్నాయి కూడా. 1984లో మైకల్ జోర్డన్‌ని వదిలి శామ్ బౌవీని తీసుకున్నది మా వాళ్లే. 2007లో కెవిన్ డ్యురాంట్‌ని వదిలి గ్రెగ్ ఓడెన్‌ని తీసుకున్నదీ మా వాళ్లే. ఓడెన్ మోకాలి ఆపరేషన్‌తో మొదటి ఏడాది మొత్తం ఆడలేదు, తరవాత ఒక సీజన్‌లో 61 ఆటలు, ఇంకోదాంట్లో 21, మా ఊళ్లో అంతే. 61, 21. ఆ అంకెలు స్కూట్ మొదటి ఏడాది మళ్లీ పట్టికలో కనపడ్డప్పుడు నేను బావకి చెప్పలేదు, ఆయన బీపీ మనిషి. కానీ ఒకటి గమనించాను. ఓడెన్ ఆడకుండా కూర్చున్న ఏడాదే మీ వైభవం మామూలుగా లేదు. ఆడని మనిషి షాట్ మిస్సవ్వడు, టర్నోవర్ ఇవ్వడు, రోజు రోజుకీ గొప్పవాడైపోతాడు.

రెండో ఏడాది స్కూట్ మూడు పాయింట్ల షాట్లు 35.4 శాతానికి తెచ్చాడు. మొదటి ఏడాది 32.5. దాదాపు మూడు శాతం. చెమటోడ్చి తెచ్చుకున్న మూడు శాతం. దాని గురించి మాట్లాడదామంటే మా బావకి అది చిన్నగా ఆనుతుంది, మీరు చెప్పిన ఆటగాడు ఇంతకంటే ఎక్కువ కదా. నాకేమో ఒప్పుకోవడానికి మొహం చెల్లదు, బస్ట్, అంటే ఆశలు వమ్ము చేసినవాడు, అని ముందే అనేశాను. ఇక 2025 సెప్టెంబర్లో, మూడో సీజన్ మొదలవకముందే, తొడ కండరం చిరిగిందని వార్త వచ్చింది. నాకు ముందు గుర్తొచ్చింది కుర్రాడు కాదు, మీరు. హమ్మయ్య, ఈయనకి మళ్లీ పండగ అనుకున్నాను, అనుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

కాబట్టి మనవి ఏమనగా, ఒక్క ఆటకి మీరు రాకండి. ఒక్కటంటే ఒక్కటి. ఆ మూడో సీట్లో మా జాకెట్లు పెట్టుకుంటాం.

ఇట్లు,
300 లెవెల్‌లో, మీకు ఎడమవైపు కూర్చునేవాడు

తా.క.: నిన్న మా వాడి రిపోర్టు కార్డు వచ్చింది. రెండో తరగతి. లెక్కల దగ్గర టీచరమ్మ ఇంకేమీ రాయకుండా మీ పేరు రాసింది. మా బావ ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి వెళ్లాడు.