దిష్టిచుక్క ఎక్కడ పెట్టాలి?

పిల్లల పెంపకం మీద ఇంతవరకూ వచ్చిన సలహాలన్నిటిలో ఒక పెద్ద లోపం ఉంది. ఫోన్ ఇవ్వకండి, గంటకు మించి చూపించకండి, అన్నం తినేటప్పుడు అసలే వద్దు అంటారు. పిల్లాడు ఫోన్‌ని చూస్తే ఏం చేయాలో అందరూ చెబుతారు. ఫోనే పిల్లాణ్ణి చూస్తూ ఉంటే ఏం చేయాలో ఎవరూ చెప్పరు. మేనమామ హోదాలో ఆ లోటు నేను తీరుస్తున్నాను.

మా అక్క కొడుక్కి ఆరో నెల. ఇన్‌స్టాలో వాడికి ఖాతా ఉంది. పదమూడేళ్లు నిండనివాళ్లు సొంతంగా ఖాతా తెరవకూడదు గానీ, అమ్మానాన్నలు నడుపుతున్నట్టు రాస్తే అభ్యంతరం లేదట. అందుకని వాడి పరిచయంలో ‘మమ్మీ డాడీల బంగారుకొండని. హాబీలు: పాలు, నిద్ర. ఖాతా చూసేది అమ్మ’ అని ఉంటుంది. బారసాలప్పుడే ఈ విషయంలో చిన్న చిక్కొచ్చింది. ముత్తాత పేరు నక్షత్రానికి కుదిరింది, సంఖ్యాశాస్త్రానికి కుదిరింది. యూజర్‌నేమ్‌కి కుదరలేదు, ఎవరో ముందే తీసేసుకున్నారు. దాంతో పేరు చివర ఇంకో రెండక్షరాలు సాగదీశారు. బావ ఉంగరంతో రాస్తుంటే పళ్లెంలో బియ్యం చాల్లేదు.

ఇక అన్నప్రాశన. పరమాన్నం తినిపించడం మేనమామ వంతు కాబట్టి జరిగినదంతా దగ్గర్నుంచి చూశాను. వాడి ముందు చాప మీద పుస్తకం, కలం, నోట్లకట్ట, బంగారు గొలుసు, చాకు పేర్చారు. బుడ్డోడు పొట్ట మీద పాక్కుంటూ వెళ్లి పుస్తకం పట్టుకున్నాడు. ‘సరస్వతీ కటాక్షం!’ అన్నారు పంతులుగారు. మా అమ్మ కళ్లొత్తుకుంది. అప్పుడు బావ తల పట్టుకుని ‘అయ్యో, ఫోన్ అడ్డంగా పెట్టి తీశాను. రీల్‌కి నిలువుగా ఉండాలి’ అన్నాడు.

సరస్వతీ కటాక్షం అడ్డంగా వచ్చింది కాబట్టి చెల్లలేదు.

వాణ్ణి వెనక్కి లాక్కొచ్చి మళ్లీ కూర్చోబెట్టాం. నేను మళ్లీ పరమాన్నం నాకించాను. ఈసారి నోట్లకట్ట పట్టుకున్నాడు గానీ మధ్యలో మా పెద్దమ్మ వీపు అడ్డమొచ్చింది. మూడోసారి వాడు చాప మీదున్న ఐశ్వర్యాలన్నిటినీ దాటుకుని తిన్నగా రింగ్‌లైట్ స్టాండు దగ్గరికి పాకాడు. ‘దీనికి ఫలం ఎక్కడా చెప్పలేదండీ’ అన్నారు పంతులుగారు, జుట్టు సర్దుకుని కెమెరా వైపు తిరుగుతూ. చివరికి రెండో వీడియోలో పెద్దమ్మని కత్తిరించి, ‘పుట్టుకతోనే బిజినెస్‌మ్యాన్’ అని పెట్టారు. ఒక పండితుడు అలా వ్యాపారంలోకి వెళ్లిపోయాడు. మర్నాడు వాడికి నిమ్మచెక్క నాకించి, మొహం చిట్లించడం తీశారు. అన్నప్రాశన నాడే ఆవకాయ అన్న సామెతకి ఒక్కరోజే తేడా.

దీన్ని కొందరు తప్పుపడతారు. వాళ్లకి దిష్టి శాస్త్రం తెలియదు. మా అమ్మ తరంలో పసిబిడ్డని చూడ్డానికి ఎవరైనా వస్తే పొత్తిళ్లలో సగం మొహం కప్పేసేవారు. బుగ్గకి చుక్క, అరికాలికి చుక్క. ‘బొద్దుగా ఉన్నాడే’ అని నోరు జారినవాళ్లకి ఆ ఇంట మళ్లీ కాఫీ పుట్టేది కాదు. ఇప్పటివాళ్లు అంత చాదస్తులు కారు. మూడో నెల దాకా పిల్లాడి మొహం మీద పసుపుపచ్చ హృదయం ఎమోజీ అతికిస్తారు. తరవాత ముహూర్తం పెట్టి, కేకు కోసి, ‘ఫేస్ రివీల్’ చేస్తారు. దిష్టి ఆ కేకుకి తగిలి పోతుందని నమ్మకం.

చట్టం కూడా మన వైపే ఉంది. మన దేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్ల వివరాలు కంపెనీలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అంటే మా వాడి తొలి స్నానం లోకం ముందు పెట్టినాయన్ని, వాడి గోప్యతకి కాపలా ఉండమన్నారన్నమాట. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసిందని విని బావ కంగారుపడ్డాడు. పిల్లలు తెరిచే ఖాతాల సంగతే గానీ పిల్లల్ని పెట్టే పెద్దల జోలికి పోలేదని చెబితే గానీ స్థిమితపడలేదు. ఫ్రాన్స్ మాత్రం మర్యాద తెలియని దేశం. పిల్లల వీడియోలతో వచ్చిన డబ్బులో పరిమితి దాటినదాన్ని వాళ్లు పెద్దయ్యేదాకా ముట్టకూడదని 2020లోనూ, పిల్లల ఫొటోల హక్కుని కాపాడటం అమ్మానాన్నల బాధ్యతని 2024లోనూ చట్టాలు చేసింది. అక్కడ మేనమామలెలా బతుకుతున్నారో!

మా కింది వాటాలో ఏడో తరగతి చదివే అమ్మాయి ఉంది. రెండేళ్ల వయసులో అది బకెట్లో కూర్చుని పాడిన వీడియో క్లాసులో ఎవరికో దొరికింది. నాలుగు రోజులు బడికి వెళ్లనంది. ‘అమ్మా, అది తీసెయ్’ అని మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, ‘దానికెన్ని లైకులొచ్చాయో తెలుసా నీకు?’ అంది వాళ్లమ్మ. ఆ పిల్ల వెళ్లి సొంత ఖాతా తెరుచుకుంది. పుట్టిన సంవత్సరం 1999 అని పెట్టింది. లెక్క తప్పకుండా వేసిచ్చింది వాళ్ల నాన్నే.

మొన్న సాయంత్రం మా వాడు ఒకటే ఏడుపు. పాలు తాగడు, నిద్రపోడు. మా అమ్మ గుప్పెట్లో ఉప్పు పట్టుకొచ్చి ‘ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊళ్లో వాళ్ల దిష్టి’ అంటూ తిప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగింది.

‘ఏమే, ఆ వీడియో ఎంతమంది చూశారు?’

‘పద్నాలుగు వేలమ్మా’ అంది అక్క, ఫోన్లోంచి తలెత్తకుండా.

అమ్మ ఒకసారి గుప్పెట విప్పి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, ‘వంటింట్లో ఉప్పు ప్యాకెట్ ఉంటుంది, పట్రా’ అంది.