సీసపు తూటా, సెమీ ఆటోమేటిక్ రైఫిల్: లెక్కలోకి రాని ఖర్చు

హనుమకొండలో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ ఫైరింగ్ ముగిశాక మాకు రెండు పనులు మిగిలేవి: ఖోఖాలు (పేలిన తూటాల ఖాళీ డొప్పలు) లెక్కపెట్టి అప్పజెప్పడం, రైఫిళ్లు తుడవడం. పుల్‌త్రూ తాడు కొసకు చిందీ గుడ్డముక్క తగిలించి, నూనెలో తడిపి, బ్యారెల్‌లో ఈ కొస నుంచి ఆ కొసకు ఆగకుండా లాగితే అది నల్లబడి బయటికి వచ్చేది. అదంతా మందు కాలిన మసి అనుకునేవాళ్లం. ఒకసారి ఆ గుడ్డను ఎండలో పట్టుకుని చూస్తే మసి మధ్యలో బూడిదరంగు మెరుపులు, వెంట్రుకంత సన్నని పేలికలు కనిపించాయి. అది సీసం. పాయింట్ 22 తూటాకు (0.22 అంగుళాల వ్యాసం ఉన్నది) సాధారణంగా దళసరి రాగి తొడుగు ఉండదు. ఒట్టి సీసపు ముద్ద ఉక్కు గొట్టాన్ని రాసుకుంటూ వెళ్తుంది, వెళ్తూ తనలో కొంత అక్కడే వదిలిపోతుంది. పోత పోసిన సీసపు తూటాల మీద ఎంత చర్చ జరిగినా, అలా వదిలిపోయిన సీసం ఎక్కడికి చేరుతుందన్న ప్రశ్నను పక్కన పెడితే ఆ చర్చ సగమే అవుతుందని నా అభిప్రాయం.

పాత సీసాన్ని కరిగించి, అచ్చుల్లో పోసి, తూటాలు ఇంట్లోనే చవకగా తయారు చేసుకోవడం అమెరికాలో తుపాకీ అభిరుచి ఉన్నవాళ్లకు చాలాకాలంగా ఉన్న అలవాటు. వాటిని సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో, అంటే ఒక తూటా పేలగానే తరువాతిది దానంతటదే ఎక్కే రైఫిళ్లలో వాడవచ్చా, కూడదా అన్నది వాళ్ల మధ్య ఎడతెగని వాదం. ఆ వీడియోలు ఇప్పుడు మన కుర్రవాళ్ల ఫోన్లలోకీ వస్తున్నాయి కాబట్టి ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మన దేశంలో లైసెన్సు లేకుండా ఆయుధాలు గానీ మందుగుండు గానీ తయారు చేయడం తీవ్రమైన నేరం. 2019 సవరణ తరువాత దానికి పడే జైలుశిక్ష ఏడేళ్లకు తగ్గదు. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు సామాన్య పౌరునికి దాదాపు అందనివే. అక్కడివాళ్ల ఖర్చు లెక్క ఇక్కడ పనికిరాదు. ఆ వాదంలో దాగి ఉన్న లోహం సంగతీ, ఆరోగ్యం సంగతీ మాత్రం మనవి కూడా.

సీసానికి అంత ఆదరణ రావడానికి కారణం పాకాల చెరువు గట్టున వల అల్లి సీసపు గుళ్లు కట్టే మనిషిని అడిగినా చెబుతాడు. 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. ఎలాంటి అచ్చులో పోసినా ఒదుగుతుంది. చిన్న ముక్కే అయినా బరువు తూగుతుంది. ములుగు, ఏటూరునాగారం అడవి పల్లెల్లో ఒకప్పుడు కనిపించిన భర్మారు అనే నాటు తుపాకీకీ ఇదే సీసం సరిపోయింది. తుపాకీ మందు దట్టించి, గుండు దింపి పేలిస్తే దాని వేగం సీసం తట్టుకోగలిగినంతే ఉండేది. గొట్టం లోపల గాడులు చెక్కిన రైఫిల్ వచ్చాకే అసలు చిక్కు మొదలైంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కాగితానికి పూసిన కొవ్వు 1857 తిరుగుబాటుకు నిప్పురవ్వ అయిందని మనమంతా బడిలో చదువుకున్నాం. అసలు ఆ కొవ్వు ఎందుకు పూయవలసి వచ్చిందో మాత్రం మాకు ఏ మాస్టారూ చెప్పలేదు. గొట్టంలో పేరుకునే తుపాకీ మందు మడ్డి గట్టిపడకుండా, మెత్తని సీసం సాఫీగా జారిపోవడానికి ఆ కందెన కావలసి వచ్చింది. సీసపు తూటాకు కందెన ఈనాటికీ తప్పలేదు. 1880 దశకంలో ఫ్రాన్సులో పొగ రాని మందు వచ్చి వేగం ఒక్కసారిగా పెరిగాక కందెన ఒక్కటే చాలలేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ వంటివారు సీసానికి రాగి తొడుగు వేసింది ఆ కాలంలోనే.

ఇప్పుడు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ దగ్గరికి వద్దాం. బోల్ట్ రైఫిల్‌లో ప్రతి తూటా తరువాత బ్యారెల్ వెనుక భాగాన్ని మూసి ఉంచే బోల్టును మనిషే చేత్తో లాగి ఖోఖాను బయటపడేస్తాడు, కాబట్టి మందు కొంచెం తగ్గించి తూటాను నెమ్మదిగా పంపినా తుపాకీకి ఏ ఇబ్బందీ ఉండదు. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పనిని మందు కాలిన వాయువే చేయాలి. చాలా రైఫిళ్లలో బ్యారెల్ మధ్యలో ఉండే చిన్న రంధ్రం గుండా కొంత వాయువు పక్కకు మళ్లి, పిస్టన్‌ను నెట్టి బోల్టును వెనక్కి పంపుతుంది. ఆ వాయువుకు తగినంత ఒత్తిడి లేకపోతే బోల్టు సగం దూరమే వెళ్లి ఆగుతుంది, ఖోఖా అడ్డం పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. సీసం కోరేది నెమ్మదితనం, యంత్రం కోరేది ఒత్తిడి. మందు తగ్గిస్తే సీసం బాగుంటుంది కానీ తుపాకీ తిరగదు. పెంచితే తుపాకీ తిరుగుతుంది కానీ సీసం గాడుల్లో పూత పడుతుంది, కరిగిన కందెనతో కలిసి ఆ వాయు రంధ్రం దగ్గరా పిస్టన్ మీదా గట్టి పొరగా పేరుకుంటుంది. దీనికి తోడు, తూటాలు పేర్చి ఉండే మ్యాగజైన్ నుంచి తూటా వేగంగా బ్యారెల్ మొదట్లోని గదిలోకి ఎక్కేటప్పుడు మెత్తని ముక్కు గీసుకుపోయి వంకర తిరుగుతుంది. పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్‌లలో సీసపు తూటాలు దశాబ్దాలుగా చక్కగా పేలుతున్నాయి కదా అని అడిగేవారు ఉంటారు. నిజమే, కానీ వాటిలో సాధారణంగా వాయు రంధ్రం ఉండదు, వాయువు ఖోఖాను వెనక్కి తన్నే ఊపుతోనే బోల్టు కదులుతుంది, పైగా వేగం సెకనుకు 330 మీటర్ల చుట్టుపక్కలే. మన ఇన్సాస్ సైనిక రైఫిల్ తూటా వేగం దానికి రెండున్నర రెట్లకు పైమాటే. ఆ ఉదాహరణను ఈ రైఫిళ్లకు వర్తింపజేయడం తప్పు.

ఇక్కడ ఎక్కువమంది పట్టుకునే ఉపాయం సీసాన్ని గట్టిపరచడం. ఈ గట్టిదనం సంగతి తుపాకీ చూడని మన పాత ప్రెస్సు కార్మికులకు బాగా తెలుసు. ఆఫ్‌సెట్ రాకముందు వరంగల్ ప్రెస్సుల్లో కంపోజిటర్లు ఒక్కొక్కటిగా ఏరి పేర్చిన అక్షరాలు ఒట్టి సీసంతో పోసినవి కావు; ఒట్టి సీసమైతే నాలుగు ఫారాలు కొట్టేసరికి ఒత్తు వంగి, తలకట్టు చదునైపోతుంది. అందుకే ఆంటిమొనీ, తగరం కలిపేవారు. లైనోటైపు యంత్రానికి వాడిన లోహంలో నూటికి సుమారు 84 పాళ్లు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం ఉండేవి. దాని గట్టిదనం ఒట్టి సీసానికి నాలుగు రెట్లు. అయితే అక్షరానికి పనికొచ్చిన సూత్రం తూటాకు పూర్తిగా పనికిరాదు. తూటా గొట్టంలో బిగుతుగా కూర్చోకపోతే ఎంత గట్టి లోహమైనా ఆ సందులోంచి దూసుకొచ్చే వేడి వాయువు దాని పక్కలను కోసేస్తుంది, కోసిన సీసమంతా గొట్టానికే అతుక్కుంటుంది. మెత్తనిదైతే ఒత్తిడికి కాస్త ఉబ్బి ఆ సందును తానే మూసేది. కొలత సరిపోవడమే ముఖ్యం, గట్టిదనం దాని తరువాతిది. తూటా అడుగున రాగి టోపీ తొడగడం, పైన ప్లాస్టిక్ పొడి పూసి కాల్చడం వంటి పద్ధతులు గొట్టాన్ని చాలావరకు కాపాడతాయి.

కాపాడేది గొట్టాన్ని. కాల్చేవాడి ఊపిరితిత్తులను ఎవరు కాపాడతారు? ఆ చర్చల్లో నాకు కనిపించే లోటు ఇదే: బ్యారెల్ శుభ్రత గురించి పేజీలకు పేజీలు నడుస్తాయి, చేతుల శుభ్రత గురించి రెండు వాక్యాలతో సరిపెడతారు. సీసం గాలిలోకి వచ్చేది తూటా నుంచి మాత్రమే కాదు. తూటా మందును అంటించే ప్రైమర్‌లో సాధారణంగా సీసపు సమ్మేళనమే ఉంటుంది, కాబట్టి రాగి తొడుగు ఉన్న తూటా పేల్చినా కొంత సీసం పొగలో కలుస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో గుండు గుండుకీ బోల్టు తెరుచుకుని ఆ పొగలో కొంత కాల్చేవాడి ముఖం వైపే వస్తుంది. మూసి ఉన్న ఫైరింగ్ రేంజ్ అయితే అది నేల మీద దుమ్ముగా దిగి, పొడి చీపురు తగిలిన ప్రతిసారీ మళ్లీ లేస్తుంది. సీసం వాసన రాదు, కళ్లు మండవు. ఒంట్లోకి చేరాక మాత్రం ఎముకల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. రక్తంలో సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపులోకి వెళ్లిన సీసాన్ని పెద్దలకన్నా చిన్నపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని కూడా చెబుతోంది. తండ్రి రేంజ్ నుంచి అదే చొక్కాతో ఇంటికొచ్చి బిడ్డను ఎత్తుకుంటే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో ఆలోచించాలి.

మన దేశానికి ఇది చిన్న విషయం కాదు. పెట్రోలులో సీసం 2000 సంవత్సరంలో ఆగింది, రంగుల్లో పరిమితి ఆ తరువాత వచ్చింది; అయినా 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక, రక్తంలో సీసం ఎక్కువగా ఉన్న పిల్లలు భారతదేశంలో సుమారు 27.5 కోట్లమంది అని అంచనా వేసింది. అందులో పెద్ద వాటా పాత బ్యాటరీలను ఇష్టం వచ్చినట్టు పగలగొట్టి కరిగించే పనులది. తుపాకుల వాటా చాలా చిన్నదే కావచ్చు. కానీ లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ పతకం తెచ్చిన 2012 నుంచి తెలంగాణలో ఎయిర్ రైఫిల్ పట్టాలన్న పిల్లల ఆశ పెరిగింది, ఆ ఆటలో వాడే గుళ్లు ఎక్కువగా సీసానివే. వాటి వేగం తక్కువ, ప్రైమర్ పొగ ఉండదు, కాబట్టి గాలిలో ప్రమాదం స్వల్పం. కానీ రోజుకు పదుల కొద్దీ గుళ్లను వేళ్లతో పట్టుకుని నింపుతారు. ఆ వేళ్లతోనే బిస్కెట్టు తింటారు.

ఆ రోజు మా చేతులూ అలాగే ఉన్నాయి. కుళాయి గేటు దగ్గర ఉండేది, అక్కడికి పొమ్మని ఎవరూ అనలేదు. రైఫిల్ తుడిచిన చిందీని జేబులో కుక్కుకుని, వరుసలో నిలబడి, రిఫ్రెష్‌మెంట్ పూరీలు అందుకున్నాం. నిర్వాహకులకు దురుద్దేశం ఏమీ లేదు, ఆ కాలంలో అది వాళ్ల ఎరుకలోనే లేదు. ఇప్పుడు ఉంది కాబట్టి అడగవలసినవి అడుగుతున్నాను. రేంజ్ నేలను పొడిగా ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. ఏడాదికోసారి కోచ్‌లకూ, ఫైరింగ్ నేర్పే ఉస్తాదులకూ రక్తంలో సీసం పరీక్ష చేయించాలి. ఖోఖాలు లెక్కపెట్టడానికి షెడ్యూలులో సమయం ఇచ్చినట్టే సబ్బుతో చేతులు కడగడానికి పది నిమిషాలు ఇచ్చి, ఆ తరువాతే పూరీల పొట్లాలు పంచాలి.