యాకయ్య పేరు ఫోన్‌కు ఎందుకు రాదు?

పోయిన ఎండాకాలం పర్వతగిరి దిక్కు ఒక ఊర్లె పెద్దమనిషి ఒకాయన చనిపోయిండు, పేరు యాకయ్య. నేను బండి పక్కకు ఆపి, వేపచెట్టు కింద నిలబడి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ టైపింగ్‌ల వార్త మొత్తం చెప్పిన, రెండు నిమిషాల్ల అయిపోయింది, పైపైన ఒకసారి చూసి డెస్క్‌కు పంపిన. తెల్లారి పేపర్ల 'ఏకయ్య' అని అచ్చయింది, మూడు చోట్ల. ఆయన కొడుకు ఫోన్ చేసిండు, గట్టిగ ఏమనలేదు. "అన్నా, బాపు పేరు పేపర్ల ఒక్కటేసారి వచ్చె, అది గూడ తప్పు వచ్చె" అన్నడు, అంతే.

మళ్లా చదువుకోకుండ పంపుడు నా తప్పు, అండ్ల వాదన లేదు. కానీ ఆ రోజు సంది నేను ఏం చెప్పిన, ఫోన్ ఏం రాసింది అని పక్కపక్కన పెట్టి చూసుడు మొదలుపెట్టిన. నెలల కొద్దీ చూసినంక నాకు అర్థమైంది ఏందంటే, ఈ తప్పులు ఎటుపడితే అటు వచ్చేటివి కావు, ఒక దిక్కే వొంగుతయి. ఎక్కువ మందికి తెలిసిన పేరు దిక్కు, పెద్ద ఊరు దిక్కు, పుస్తకాల మాట దిక్కు. మండలాల్ల పనిచేసే విలేకరులు ఇప్పుడు చాలామంది వేళ్లతోని కొట్టుడు బంద్ చేసిండ్రు, నోటితోనే వార్త రాస్తున్నరు. వార్త చివరన 'ఈ కార్యక్రమంలో ఫలానా ఫలానా తదితరులు పాల్గొన్నారు' అనే లైన్ ఉంటది కదా, ఊర్లె జనం ముందుగాల చదివేది ఆ లైనే, ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కువ తప్పులు పోయేది కూడ ఆ లైన్లనే.

యాకయ్య అనే పేరు హైదరాబాద్ దాటితే చాలామందికి కొత్త. పర్వతగిరి మండలం అన్నారం షరీఫ్‌ల యాకూబ్ బాబా దర్గా ఉంది, మొక్కుకుని పుట్టిన పిల్లలకు మతంతోని పని లేకుండ యాకయ్య, యాకమ్మ, యాకూబ్ అని పెట్టుకుంటరు. మా దిక్కు పేర్లన్నీ ఇట్లనే, దేవుని వెనక, జాతర వెనక నడుస్తయి. కొమురెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య, ఐలోని మల్లన్నకు మొక్కితే ఐలయ్య, ఓదెల మల్లన్నకు మొక్కితే ఓదెలు, మేడారం తల్లులకు మొక్కితే సమ్మయ్య, సారయ్య, సమ్మక్క, సారక్క. 1946ల కడవెండిల తూటాకు బలైన దొడ్డి కొమురయ్య పేరు, పాలకుర్తి గడ్డ మీద భూమి కోసం కొట్లాడిన చిట్యాల ఐలమ్మ పేరు ఈ తీరు పేర్లే. ఒక మనిషి పేరు చెప్తే వాళ్లమ్మ ఏ గుట్ట ఎక్కి మొక్కిందో చెప్పొచ్చు. తండాలకు పోతే లంబాడోళ్ల ఇంటిపేర్లు, భూక్య, బానోతు, గుగులోతు, ధరావత్, జాటోతు. ఇసుంటి పేరును మార్చి రాస్తే అది అక్షర దోషంతోని ఆగదు, ఆ మొక్కు కూడ పోయినట్టే.

ఇగ మిషన్ లోపల ఏం అయితదో చూద్దాం, ఎందుకంటే 'ఏఐ కదా, అదే నేర్చుకుంటది' అని వదిలేసేటోళ్లు ఎక్కువైండ్రు. మాటను రాతగ మార్చే సాఫ్ట్‌వేర్ రెండు లెక్కలు కలిపి వేస్తది. ఒకటి, చెవిన పడ్డ సప్పుడు ఏ అక్షరాలకు దగ్గరున్నది. రెండు, ఈ మాట పక్కన ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువున్నది. రోడ్డు మీద లారీల మోతల మనం కూడ సగం విని సగం ఊహించుకుంటం, అది కూడ అంతే. మామూలు మాటలకు ఈ రెండో లెక్క పెద్ద ఆసరా, 'వర్షం' తర్వాత 'పడింది' అని మనం సరిగ అనకున్నా రాస్తది. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ ఆసరానే ఎదురు తిరుగుతది. యాకయ్య అనే మాట అది చదివిన రాతల్ల లేకపాయె, 'ఏక' అన్నది బొచ్చెడుసార్లు ఉండె, సప్పుడు కొంచెం అటిటు అయినా ఎక్కువసార్లు చూసిన దాన్నే ఖాయం చేస్తది.

పాత సాఫ్ట్‌వేర్లల్ల ఇది ఇంకా మొండిగ ఉండేది. 1990ల డ్రాగన్ డిక్టేట్ వచ్చినప్పుడు ఒక్కో మాటకు ఆగి ఆగి చెప్పాలె, 1997ల డ్రాగన్ నేచురల్లీ స్పీకింగ్ వచ్చినంకనే ఆపకుండ మాట్లాడేటట్టయింది. వాటికి ఒక మాటల జాబితా ఉండేది, ఆ జాబితాల లేని మాట ఎంత స్పష్టంగ చెప్పినా రాయనే రాయదు, ఉన్నవాటిల్ల దగ్గరిదాన్ని పట్టుకొచ్చి పెడ్తది. కానీ దాంట్ల ఒక మంచి గుణం ఉండె. కొత్త మాటను మనమే చేర్చొచ్చు, రాసేటప్పుడు ఎట్ల ఉండాలె, పలికేటప్పుడు ఎట్ల ఉంటది అని రెండూ వేరువేరుగ చెప్పొచ్చు, తప్పు రాస్తే దిద్ది నేర్పొచ్చు, అక్షరం అక్షరం చెప్పి రాయించొచ్చు. డాక్టర్లు, వకీళ్లు అట్ల తమ మాటల మూటను తామే కట్టుకున్నరు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ మాటలను ముక్కలు చేసి ముక్కల లెక్కన రాస్తది కాబట్టి, ఎన్నడూ చూడని పేరును కూడ రాయగలదు. రాయగలదు కానీ ఎక్కువసార్లు రాయదు, ఎందుకంటే అలవాటున్న మాట దిక్కు గుంజుడు అట్లనే ఉన్నది. మనం వాడే ఉచిత వాయిస్ టైపింగ్‌ల తెలుగుకు 'ఇదిగో ఈ పేరు ఇట్ల పలుకుతం, ఇట్ల రాయి' అని నేర్పే జాగ నాకైతే దొరకలేదు. మిషన్ పెద్దగైంది, దానికి నేర్పే దర్వాజ మాత్రం మూసుకపోయింది. నా అసలు కొట్లాట దీని మీదనే.

ఇంకోటి, తెలుగుకు ఇంగ్లిష్ మందు సగమే పనిచేస్తది. ఇంగ్లిష్‌ల 'వర్ధన్నపేట' అని ఒక్క మాట చేరిస్తే అయిపాయె. మనకు వర్ధన్నపేటల, వర్ధన్నపేటకు, వర్ధన్నపేటోళ్లు, వర్ధన్నపేటనుంచి, ఒక్క పేరుకు తోకలు ఎన్ని ఉంటయో లెక్కలేదు. పేరు ఒక్కటి నేర్పితే తోకలు అదే పెట్టుకోవాలె, ఆ తీరుగ తయారు చెయ్యకపోతే జాబితా ఎంత పొడుగున్నా లాభం లేదు.

ఈ తప్పులను పట్టుకునుడు ఎందుకు కష్టమో కూడ చెప్పాలె. వేలితోని కొట్టేటప్పుడు తప్పు పోతే 'యాకయయ' అని ఏదో వంకర పడ్తది, కన్ను అక్కడనే ఆగుతది. నోటి రాతల అట్ల వంకర ఉండదు, తప్పు మాట కూడ నున్నగ, ఒత్తులు దీర్ఘాలు అన్నీ పెట్టుకుని కూసుంటది. ఒకసారి మేడారం వార్తల నేను సమ్మక్క భర్త పగిడిద్దరాజు పేరు చెప్తే ఫోన్ 'పగిడి ఇద్దరు రాజు' అని రాసింది, అన్నీ తెలుగు మాటలే, చదువుకుంట పోతే నాలిక కూడ తట్టుకోదు. డెస్క్‌ల కూసున్న సబ్ ఎడిటర్ ఎక్కడోళ్లో, ఆయనకు ఆ జాతర ఊర్లు తెల్వయి, పూనుగొండ్ల తెల్వదు, కన్నెపల్లి తెల్వదు, సరిగ్గున్నట్టు కనిపించిన దాన్ని ఎందుకు అనుమానిస్తడు? అందుకే నోటితోని రాసినోళ్లు దిద్దేటప్పుడు చదువుడు సరిపోదు, పేర్లు మాత్రమే విడిగ ఏరి చూడాలె.

అయితే మిషన్ నూటికి నూరుపాళ్లు సరిగ్గ విన్నా తేలని సంగతి ఒకటున్నది. పేరు పలుకుడు ఒకటి, రాసుకునుడు ఒకటి. మనం ధర్మసాగర్ అని రాస్తం, దర్మసాగర్ అని పలుకుతం. హనుమకొండ, హన్మకొండ రెండూ చూస్తం, 2021 ఆగస్టుల వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయినంక బోర్డుల మీద ఒకటి, నోట్ల ఒకటి. స్టేషన్ ఘన్‌పూర్ ఒక దిక్కు, గణపురం ఇంకో దిక్కు. కొమురయ్య, కొమరయ్య, కొమ్రయ్య, ముగ్గురు వేరువేరు మనుషులు, ముగ్గురికీ ఆధార్ కార్డుల వేరువేరుగ ఉంటది. విని ఇవి తేల్చుడు మనిషితోని కూడ కాదు. అందుకే పాతకాలం గుమస్తా కలం ఆపి అడిగేటోడు, "మ కు కొమ్మా, తలకట్టా?" అని.

ఆ ప్రశ్ననే నాకు దారి చూపెట్టింది. ఇంగ్లిషోళ్లు ఫోన్ల స్పెల్లింగ్ చెప్పడానికి ఆల్ఫా, బ్రావో, చార్లీ అని ఒక వరుస పెట్టుకున్నరు. మనకు అంతకన్న మంచిది బడిల ఒకటో తరగతిలనే నేర్పిండ్రు. కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు. గుణింతం చదివిన ప్రతి మనిషికీ, కాయితం లేకున్నా, తెలుగు అక్షరాన్ని నోటితోని చెప్పుడు వస్తది. కకు ఒత్వమిస్తే కొ, మకు కొమ్మిస్తే ము, ర, య కింద య ఒత్తు: కొమురయ్య. తెలుగు వాయిస్ టైపింగ్‌ల 'గుణింతం' అని ఒక మాట అనంగనే ఊహలన్నీ పక్కకు పెట్టి, చెప్పిన అక్షరాన్ని చెప్పినట్టు రాసే పద్ధతి ఒకటి పెడితే సగం పేర్ల గోస తీరుతది. పాత డ్రాగన్‌ల ఇంగ్లిష్‌కు ఇసుంటిది ఎప్పుడో ఉండె. తలకట్టు, ఏత్వం, ఐత్వం, సున్న, ఒత్తులు, అన్నీ కలిపినా వందలోపు మాటలు, గుర్తుపట్టుడు మిషన్‌కు ఏమంత కష్టం కాదు. ఇది అడగాల్సింది మనమే, కాలిఫోర్నియల కూసున్న ఇంజనీర్‌కు మన గుడి, మన కొమ్ము ఎట్ల తెలుస్తయి.

పేర్లల్ల పరువు పోతది, సాంకేతిక మాటల్ల అంతకన్న ఎక్కువే పోవచ్చు. ఏనుమాముల మార్కెట్ చుట్టు తిరిగే ఏ మిర్చి రైతు ఫోన్ల చూసినా వాట్సప్ గ్రూపులు ఉంటయి, నల్ల తామర పురుగు వచ్చిన సంది ఏ మందు కొట్టాలె అని ఒకటే అడుగుడు. ఎమామెక్టిన్ బెంజోయేట్, ఇమిడాక్లోప్రిడ్, క్లోరాంట్రానిలిప్రోల్, ఈ మాటలను తెలుగు వాయిస్ టైపింగ్‌కు చెప్పి చూడుండ్రి, ఏం వస్తదో. అయితే పేరు వంకరగ పడితే రైతు మళ్లా అడుగుతడు కాబట్టి నాకు దానికన్న అంకెల భయం ఎక్కువ. ఇంగ్లిష్‌ల ఫిఫ్టీన్ అంటే ఫిఫ్టీ పడొచ్చు, తెలుగుల పదిహేను, యాభై అంటే ఆ బాధ లేదు. మరి తెలుగుల ఇరవై, అరవై ఉన్నయి కదా, గాలి వీస్తుంటే మనుషులే ఒకటి అంటే ఒకటి వింటరు. ఎకరానికి 20 గ్రాములా, 60 గ్రాములా అన్నకాడ తేడా చేను మీద కనిపిస్తది. మోతాదు మాత్రం వేలితోనే కొట్టాలె, నోటితోని చెప్పొద్దు, ఇది నేను పెట్టుకున్న కట్టుబాటు, గ్రూపుల్ల సలహాలు ఇచ్చే అధికారులకు కూడ ఇదే చెప్తున్న.

దవాఖాన్లల్ల సంగతి ఇంకా నాజూకు. మందుల పేర్లు ఒకదానికొకటి దగ్గరుండుడు ఈ సాఫ్ట్‌వేర్ రాకముందు సంది ఉన్న తలనొప్పే. అమెరికాల లోసెక్ అనే అసిడిటీ మందు, లాసిక్స్ అనే నీరు తీసే మందు కలగాపులగం అయితున్నయని 1990ల లోసెక్ పేరునే ప్రిలోసెక్ అని మార్చిండ్రు. అక్కడ పేరునే మార్చిండ్రంటే, మనుషుల చెవులను దిద్దుడు ఎంత కష్టమో ఆలోచించుండ్రి. హైపో, హైపర్ అనే రెండు ముక్కల మధ్య బీపీ పడిపోయిన మనిషికి, పెరిగిన మనిషికి ఉన్నంత దూరం ఉన్నది. డిశ్చార్జి సమ్మరీ నోటితోని చెప్పి రాయించే కాడ ఇంకో మనిషి కన్ను తప్పకుండ ఉండాలె, టైపిస్టును తీసేసి సాఫ్ట్‌వేర్ పెడితే ఖర్చు తగ్గిందని అనుకునుడు నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు.

మన భాషకు ఎందుకు ఇంత వెనకబాటు అంటే డేటా అనే మాట వస్తది. ఓపెన్ ఏఐ 2022ల మాటను రాతగ మార్చే విస్పర్ అనే మోడల్‌ను 6,80,000 గంటల మాటలతోని తయారు చేస్తే, ఇంగ్లిష్ కాకుండ మిగిలిన 96 భాషలన్నిటికీ కలిపి వచ్చింది 1,17,000 గంటలు, అండ్ల మన వాటా ఎంత ఉంటదో ఊహించుకోవచ్చు. దాంట్ల కూడ ఒక సౌకర్యం ఉన్నది, ముందుగాల కొన్ని పేర్లు రాసిస్తే వాటి దిక్కు మొగ్గుతది. 2017ల గూగుల్ వాయిస్ టైపింగ్‌ల తెలుగు చేరింది, 2022ల కేంద్రం మన దేశ భాషల కోసం భాషిణి అనే ఏఐ వేదిక మొదలుపెట్టింది, హైదరాబాద్ త్రిపుల్ ఐటీ వాళ్లు జనం దగ్గరి నుంచి దాదాపు 2000 గంటల తెలుగు మాటలు కూడబెట్టిండ్రు, ఇవన్నీ మంచి పనులే, నేను కాదనను. కానీ గంటలు పెరిగితే యాస తెలుస్తది, 'వచ్చిండు' అంటే 'వచ్చాడు' అని దిద్దుడు తగ్గుతది. పేర్లు గంటలతోని రావు. వెయ్యి గంటలు విన్నా యాకయ్య ఒక్కసారి కూడ తగలకపోవచ్చు. పేర్లకు జాబితా కావాలె. ఊర్ల జాబితా సర్కారు దగ్గర ఉన్నది, జనాభా లెక్కలల్ల ప్రతి గ్రామం పేరు ఉంటది. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేసి ఉత్త పేర్ల మాటలు మాత్రం జిల్లాల వారీగ ఏరి ఇస్తే ఎవరి గుట్టూ బయట పడదు. 2016ల పాత వరంగల్ జిల్లా ముక్కలైనప్పుడు ఎన్ని కొత్త పేర్లు వచ్చినయో, వాటిని సాఫ్ట్‌వేర్లకు అందించే బాధ్యత ఏ ఆఫీసుదీ కాకపోవుడే తప్పు. రేపు దరఖాస్తులు కూడ నోటితోనే పెట్టుకొమ్మంటరు, అప్పుడు పట్టాదారు పాస్‌బుక్కుల ఒక్క అక్షరం తప్పు పడితే ఎన్ని చెప్పులు అరుగుతయో ఈ జిల్లాల రైతులకు ఒకలు చెప్పే పని లేదు.

అప్పటిదాకా నేను చేస్తున్నది ఇది. పేరును ముక్కలు ముక్కలుగ సాగదీసి చెప్పుడు మానేసిన, మిషన్ విని పెరిగింది మామూలు మాటలు కాబట్టి సాగదీస్తే ఇంకా చెడిపోతది. ఊరి పేరును ఒంటిగ అనకుండ 'టేకుమట్ల మండలం' అని వెనక మండలం కలిపి అంటున్న, పక్కమాట ఆసరాతోని కొన్ని సరిగ పడ్తున్నయి. గట్టి పేరు వచ్చినకాడ 'మామిడికాయ ఒకటి', 'మామిడికాయ రెండు' అని చెప్పుకుంట పోతున్న, వార్త అయిపోయినంక మామిడికాయలను వెతికి ఆ జాగల పేరు అతికిస్తున్న, మామిడికాయ అనే మాట వార్తల ఊరికే రాదు కాబట్టి ఒక్కటి కూడ తప్పించుకపోదు. అతికించడానికి ఫోన్ నోట్స్‌ల మండలాల వారీగ పేర్ల పట్టిక పెట్టుకున్న, నాలుగు వందలు దాటింది, ఇంటోళ్లను అడిగి, వాళ్లు కార్డు మీద ఎట్ల రాసుకున్నరో చూసి ఎక్కించినవి. నర్సంపేట దిక్కు పనిచేసే ఇద్దరు తమ్ముళ్లకు ఇచ్చిన, వాళ్లు తండాల పేర్లు కలిపి తిరిగి పంపిండ్రు. పర్వతగిరి పేజీల మొదటి పేరు యాకయ్య.