చలపతి గారి చవక పొయ్యి

(బర్మింగ్‌హామ్‌లో నూరేళ్ళు దాటిన ఎర్ర ఇటుకల వరస ఇల్లు. ముందుగదిలో ఎప్పుడో మూతపడ్డ ఫైర్‌ప్లేస్, అందులో దేవుడి మందిరం. ఇంగ్లండులో మనవాళ్ళు పాత ఇల్లు కొంటే స్వామివారు చాలాసార్లు చిమ్నీ కిందే కాపురం పెడతారు. కింద రాయి, చుట్టూ రాయి, దీపం నూనె ఒలికినా భయం లేదు. నవంబరు శనివారం సాయంత్రం. చలపతి రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని ఫోనులో మునిగి ఉన్నాడు. వసుంధర టేపుతో గది కొలుస్తోంది.)

చలపతి: వసూ, దొరికింది! ఎనభై పౌండ్లే. అచ్చంగా పోత ఇనుము. నలుగురు పట్టుకుంటే గానీ లేవదట.

వసుంధర: ఏమిటండీ అది, ఫిరంగా?

చలపతి: పొయ్యే! కట్టెల పొయ్యి కావాలని నా ప్రాణం తీస్తున్నావుగా. పధ్నాలుగు కిలోవాట్లు. ఊరవతల ఎవరో రైతు తీసేస్తున్నాడు.

వసుంధర: ఎందుకు తీసేస్తున్నాడట?

చలపతి: కొత్తది కొనుక్కున్నాడట.

వసుంధర: ఆయన వద్దనుకున్నది మనం మోసుకొచ్చుకోవాలన్నమాట. మోడలు పేరు చెప్పండి.

చలపతి: పేరెందుకే? అన్నప్రాసన చేస్తామా?

వసుంధర: జాబితాలో వెతకాలి. బర్మింగ్‌హామ్ ఊరు మొత్తం స్మోక్ కంట్రోల్ ఏరియా, అంటే చిమ్నీ పొగ మీద ఆంక్షలున్న చోటు. ఇక్కడ కట్టెలు కాల్చాలంటే డెఫ్రా వాళ్ళు, అదే ప్రభుత్వ పర్యావరణ శాఖవాళ్ళు, మినహాయింపు ఇచ్చిన పొయ్యి అయి ఉండాలి. కంపెనీ ఒకటే అయితే చాలదు, మోడలు కూడా అదే ఉండాలి. ఏ కట్టె కాల్చమని దాని పుస్తకంలో రాశారో అదే కాల్చాలి.

చలపతి: కాల్చకపోతే?

వసుంధర: చిమ్నీలోంచి పొగ వచ్చిందంటే కౌన్సిలు 175 నుంచి 300 పౌండ్ల దాకా వడ్డిస్తుంది.

చలపతి: వచ్చినట్టు తెలిస్తే కదా! రాత్రి పదింటికి వెలిగిద్దాం. చీకట్లో పొగ ఎవడికి కనపడుతుంది?

వసుంధర: పక్కింటావిడకి వాసనొస్తుంది. మీరు మొన్న కిటికీ తీసి ఎండుమిరపకాయలు వేయించినప్పుడు ఆవిడ తీగమీది దుప్పట్లన్నీ మళ్ళీ ఉతికింది. నేను కళ్ళారా చూశాను.

చలపతి: అయినా కట్టెల పొగకి ఇంత రాద్ధాంతమా! మన ఊళ్ళో పొయ్యి వెలిగితే పొగ రాని ఇల్లుందా?

వసుంధర: మీ ఊళ్ళో ఆ పొగ మీ అమ్మగారు తాగారు, మీరు వసారాలో కూర్చుని కాఫీ తాగారు. ఇక్కడ 1952 డిసెంబరులో లండన్ మీద అయిదు రోజులు పొగమంచు దిగిపోయింది. నాలుగు వేలమంది పోయారని అప్పటి లెక్క. తర్వాత లెక్క కట్టినవాళ్ళు పన్నెండు వేల దాకా చెప్పారు. ఆ దెబ్బకే 1956లో చట్టం తెచ్చారు.

చలపతి: అది బొగ్గు పొగ.

వసుంధర: ఊపిరితిత్తులు అంత వివరంగా అడగవండీ.

(చలపతి ఓడిపోయినట్టు కనిపించడం అతనికి అలవాటే. అతను నిజంగా ఓడిపోయింది మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఫోను మళ్ళీ పైకి లేచింది.)

చలపతి: సరే, కొత్తదే కొందాం. ఇదిగో, "ఎకోడిజైన్" అని పెద్దక్షరాలతో వేశాడు. తక్కువలో ఉంది. అయిపోయింది, లేచి ఉప్మా చెయ్యి.

వసుంధర: కూర్చోండి. ఎకోడిజైన్ అంటే పొయ్యి పొగ ఇంతకి మించకూడదన్న నియమం. 2022 జనవరి నుంచి కొత్తగా అమ్మే ప్రతి పొయ్యీ దాని ప్రకారం ఉండాల్సిందే. లేకపోతే మార్కెట్లోకే రాదు. మన ఏరియాలో కాల్చుకోవడానికి డెఫ్రా మినహాయింపు విడిగా ఉండాలి. కొన్నిటికి రెండూ ఉంటాయి, కొన్నిటికి మొదటిదే ఉంటుంది. మీరు చూపించినదానికి మొదటిదే ఉంది.

చలపతి: నీకెలా తెలుసు?

వసుంధర: నిన్న ఆఫీసులో చూశాను. ఇంకో దారి చెప్తాను వినండి. క్లియర్‌స్కైస్ అని ఒక ముద్ర ఉంటుంది. అందులో మూడో స్థాయి, ఆపైన ఉన్నవి మన ఏరియాకి పనికొస్తాయి. అయిదో స్థాయి వాటి పొగ ఇంకా తక్కువ.

చలపతి: మూడు చాలు. పాసైతే చాలదూ? నేను డిగ్రీ అలాగే పాసయ్యాను.

వసుంధర: అందుకే అడుగుతున్నాను అయిదు.

చలపతి: పోనీ కిలోవాట్లు నా ఇష్టం. పధ్నాలుగు కిలోవాట్లదానికీ అయిదుదానికీ ధరలో పెద్ద తేడా లేదు. పెద్దది తీసుకుంటే డబ్బుకి ఇనుమైనా ఎక్కువొస్తుంది.

వసుంధర: నాలుగున్నర మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, ఎత్తు రెండు పాయింట్ ఏడు. గుణిస్తే 48.6. పొయ్యిలమ్మేవాళ్ళు దాన్ని 14తో భాగిస్తారు. మూడున్నర కిలోవాట్లొచ్చింది. ఈ గదికి పధ్నాలుగు కిలోవాట్లు పెట్టడమంటే ఇంట్లో నాలుగు గారెలకి పెళ్ళివారి గాడిపొయ్యి తవ్వినట్టు.

చలపతి: పెద్దదైతే తగ్గించి వాడుకుంటాం. దానికో మీట ఉంటుందిగా.

వసుంధర: తగ్గిస్తేనే వస్తుంది తంటా. గాలి సరిగా అందకపోతే కట్టె మండదు, ఉడుకుతుంది. మండని పొగంతా అద్దానికి నల్లగా అంటుకుంటుంది, మిగిలింది చిమ్నీ లోపల తారులా పేరుకుంటుంది. ఒకరోజు అదే అంటుకుందనుకోండి, ఫైరింజనే రావాలి.

చలపతి: నా ప్లాను వేరే. రాత్రి పడుకోబోయేముందు రెండు దుంగలు వేసి గాలి పూర్తిగా బిగించేస్తాను. తెల్లారేదాకా నివురుగప్పి ఉంటుంది. పొద్దున్నే ఊదితే చాలు, అగ్గిపుల్ల కూడా ఖర్చవదు.

వసుంధర: ఆ పని చేస్తారనే మినహాయింపు పొయ్యిలకి మీట చివరిదాకా మూసుకోకుండా అడ్డం పెడతారు. ఎంత తోసినా ఇంత సందు వదిలేస్తుంది. వేడి గాలి పైనుంచి అద్దం మీదుగా దిగి, కట్టెలోంచి వచ్చే పొగని కూడా మండించాలి. పొగ మండితే వేడి మనకి, లేకపోతే పక్కింటావిడ దుప్పట్లకి.

చలపతి: అంటే నాలాంటివాడు కొంటాడని ముందే ఊహించారా?

వసుంధర: మీ ఒక్కరికే కాదులెండి, ఇంగ్లండులో కూడా చాలామంది భర్తలున్నారు.

చలపతి: అయితే మల్టీఫ్యూయల్ తీసుకుందాం. కట్టెలు ఖరీదైతే బొగ్గు వేస్తాం.

వసుంధర: మామూలు బొగ్గు 2023 మే నుంచి ఇంగ్లండులో ఇళ్ళకి అమ్మడమే ఆపేశారు. పొగలేని ఇంధనం అని వేరే ఉంది, అది చవకేం కాదు. మనం కాల్చేది కట్టెలే. కట్టెకి బూడిద పరుపు మీద, పైనుంచి గాలి కావాలి. బొగ్గుకి కిందనుంచి జల్లెడ గుండా కావాలి. కట్టెలకనే చేసిన పొయ్యి తీసుకుంటే ఆ గొడవే ఉండదు.

చలపతి: కట్టెల ఖర్చు నాకు వదిలెయ్. ఒక్క పైసా అవదు. (వెనకనుంచి ప్లాస్టిక్ సంచీ లాగి, మూడు దుంగలు తివాచీ మీద పెడతాడు.) వెనక వీధిలో లేలాండీ చెట్టు కొట్టించారు. తీసుకుపొమ్మన్నారు. షెడ్డులో ఇంకా బోలెడుంది.

వసుంధర: తివాచీ మీదా! ఎప్పుడు కొట్టించారు?

చలపతి: పోయిన నెల. ఎండిపోయింది. చూడు, తేమ మీటరు కూడా కొన్నాను, తొమ్మిది పౌండ్లు. (మీటరు రెండు సూదులూ దుంగ చివర గుచ్చుతాడు.) పంతొమ్మిది శాతం! నువ్వు చెప్పే ఇరవై శాతం లోపలే.

వసుంధర: చివర ఎప్పుడూ ముందే ఆరుతుంది. చీల్చి, లోపలి ముఖం మీద గుచ్చండి.

(చలపతి పెరట్లోకి పోయి గొడ్డలితో దుంగని రెండుగా చీల్చుకొస్తాడు. లోపల తెల్లగా మెరుస్తోంది. బంక వేళ్ళకి అంటుకుంది, శాలువాకీ అంటుకుంది. గదంతా ఫినాయిలూ నిమ్మతొక్కా కలిసిన వాసన. సూదులు మెత్తగా దిగాయి.)

వసుంధర: ఎంత?

చలపతి: ...మీటరు చవకది.

వసుంధర: ఎంతండీ?

చలపతి: నలభై ఒకటి.

వసుంధర: మా తెనాలిలో కట్టెల అడితివాడు సర్వి కట్టెల మీద నీళ్ళు చల్లి తూచేవాడు. మా నాన్నగారు కట్ట విప్పించి, ఒక్కో కట్టెనీ రెండోదానితో కొట్టి చూసేవారు. ఖంగుమంటే తీసుకునేవారు, బొద్దుమంటే పక్కన పడేసేవారు. ఇక్కడ సంచీ మీద "రెడీ టు బర్న్" ముద్ర వేస్తారు. రెండు ఘనమీటర్లకి తక్కువగా అమ్మే కట్టెల్లో తేమ ఇరవై శాతం దాటకూడదు. ఈ లేలాండీని చీల్చి, పైన కప్పు ఉన్నచోట, పక్కలనుంచి గాలాడేలా పేర్చండి. ఓ రెండేళ్ళకి మళ్ళీ గుచ్చి చూద్దాం.

చలపతి: రెండేళ్ళా! మరి ఈ రెండేళ్ళూ?

వసుంధర: బట్టీలో ఆరబెట్టిన యాష్, బర్చ్ కట్టెలు కొందాం.

(డబ్బిచ్చి కట్టెలు కొనడమన్న మాటకి చలపతి శాలువా ఇంకాస్త బిగించుకున్నాడు. ఇక్కడొక మాట చెప్పుకోవాలి. పొయ్యి ఎంత ఖరీదైనదైనా, అందులో పచ్చికట్టె పెడితే దాని పరీక్షాఫలితాలన్నీ నీళ్ళపాలే. అతనికీ ఆ సంగతి తెలుసు.)

చలపతి: బిగించే ఖర్చు మాత్రం ఆదా చేస్తాను. నేనూ మా సుధాకరూ కలిసి ఒక ఆదివారం కూర్చుంటే—

వసుంధర: మీరిద్దరూ కలిసి బిగించిన బుక్‌షెల్ఫ్ ఇప్పటికీ గోడకి ఆనుకునే నిలబడుతోంది. హెటాస్ అని పొయ్యిలు బిగించేవాళ్ళని నమోదు చేసే సంస్థ ఉంది, అందులో పేరున్న మనిషి వస్తాడు. చిమ్నీ శుభ్రం చేయిస్తాడు, లోపల స్టీలు గొట్టం (లైనర్) దింపుతాడు, పైన పిట్టలు దూరకుండా టోపీ పెడతాడు, సర్టిఫికెట్టు ఇస్తాడు. అది లేకపోతే రేపు ఇల్లు అమ్మేటప్పుడు లాయరు అడుగుతాడు. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాలి.

చలపతి: అలారం ఉందిగా! నువ్వు తాలింపు వేసినప్పుడల్లా కూస్తుంది.

వసుంధర: అది పొగకి. దీనికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది.

చలపతి: గోడకి కన్నం కూడా పెడతాడా?

వసుంధర: అయిదు కిలోవాట్లు దాటకపోతే ఇలాంటి పాత ఇంటికి మామూలుగా అక్కర్లేదు. మన కిటికీల్లోంచి ఎలాగూ బోలెడు గాలొస్తోంది.

చలపతి: (గొంతు సవరించుకుని) వసూ, నేనొక సీరియస్ మాట అడుగుతాను. 2022లో ఇంగ్లండు చీఫ్ మెడికల్ ఆఫీసరు నివేదిక రాశాడు. ఎకోడిజైన్ పొయ్యి అయినా సరే, గ్యాస్ హీటింగుతో పోలిస్తే దానినుంచి వచ్చే సన్నటి ధూళి కొన్ని వందల రెట్లు ఎక్కువట. ఇంతోటి అయిదో స్థాయి పెట్టి, మనమే ఆ గాలి పీల్చాలా?

(వసుంధర టేపు చుట్టడం ఆపింది. చలపతి మొట్టమొదటిసారి ఖర్చు ఊసెత్తకుండా వాదించాడు.)

వసుంధర: ఆ మాట నిజమే. రోజూ వెలిగిస్తానని నేననలేదు. రేడియేటర్లు ఉంటాయి. గాలి ఆగిపోయి పొగ కిందే నిలబడే రోజున అసలు ముట్టుకోం. కానీ పోయిన జనవరిలో బాయిలర్ ఎందుకు చచ్చిందో గుర్తుందా?

చలపతి: పాతబడి.

వసుంధర: వంద పౌండ్లు మిగులుతాయని సర్వీసు మాన్పించారు. బాగుచేసేవాడొచ్చేదాకా నేను కోటు వేసుకుని వంట చేశాను. అలాంటిది మళ్ళీ వస్తే ఇంట్లో ఒక్క గదైనా వెచ్చగా ఉండాలి. దానికోసం ఈ పొయ్యి.

చలపతి: సర్వీసు చేయిద్దాం, పొయ్యి మానేద్దాం. ఎంత ఆదా!

వసుంధర: రెండూ చేయిద్దాం. (ఫైర్‌ప్లేస్ పైన గోడ మీదికి టేపు లాగుతుంది.)

చలపతి: అటెందుకు కొలుస్తున్నావు?

వసుంధర: కాలే వస్తువులు ఎంత దూరంలో ఉండాలో పొయ్యి పుస్తకంలో రాసి ఉంటుంది.

చలపతి: (గబుక్కున లేచి) వసుంధరా! స్వామిని కదిలిస్తావా? మా అమ్మ వచ్చి స్వయంగా కూర్చోబెట్టింది. తప్పు! కళ్ళు పోతాయి!

వసుంధర: ఈశాన్యం మూల అలమర ఖాళీ చేశాను. అత్తయ్యగారికి పొద్దున్నే ఫోన్ చేశాను, ఇంకా మంచిదన్నారు. మంచిరోజు కూడా చూసి చెప్పారు.

చలపతి: ఓహో... స్వామి సరే. మరి స్వామి పైన?

వసుంధర: పైన ఎవరున్నారు?

చలపతి: అదే... అరవై అయిదు అంగుళాలు...

వసుంధర: టీవీయా! కింద మంట పెట్టి పైన టీవీ ఉంచుతారా ఎవరైనా? మేడమీద చిన్నగదిలోకి పోతుంది.

చలపతి: ఆ గదిలోనా? టీవీ పెడితే నేను పట్టను, నేను కూర్చుంటే తలుపు పడదు! అందుకేనా ఇంతసేపూ కొలిచావు?

వసుంధర: అందుకేనా ఇంతసేపూ వద్దన్నారు?

(ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తివాచీ మీద లేలాండీ బంక కారుతోంది.)

చలపతి: ఆ హెటాస్ మనిషి ఎప్పుడొస్తాడట?

వసుంధర: ఏప్రిల్‌లో.

చలపతి: ఏప్రిల్‌లోనా! ఐపీఎల్ మధ్యలోనా! ఈ నెలలోనే రమ్మను. లేదంటే జూన్‌లో రమ్మను.

వసుంధర: ఈ నెలలో వాళ్ళకి తీరిక లేదు. చలి పోయాక పనుండదని ఏప్రిల్‌లో పిలిచినవాళ్ళకి తగ్గించి చేస్తాడట. నాకేం, ఎప్పుడైనా సరే. డబ్బు తగ్గితే మీకు సంతోషమని ఒప్పుకున్నాను.

(చలపతి టీవీ వైపు చూశాడు. మందిరం వైపు చూశాడు. చేతిలో మీటరు ఇంకా నలభై ఒకటే చూపిస్తోంది.)

చలపతి: ఎంత తగ్గిస్తాడట?