ఆరు ప్రాంప్టులూ, అడుగున ఒక లింకూ

ఆ మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. మొదట భీమవరం ఫ్రెండ్స్ గ్రూపులో, తర్వాత మా తోడల్లుడి దగ్గర్నుంచి, ఆపైన ఆకివీడు మేత డీలరు, నిన్న రాత్రి మా అబ్బాయికి ఇంటర్‌లో లెక్కలు చెప్పిన మేష్టారు. "ఏఐని ఈ ఆరు ప్రశ్నలు అడగండి, వందరెట్లు పెరగబోయే కొత్త క్రిప్టో కాయిన్ అందరికన్నా ముందే మీకు తెలుస్తుంది" అని దాని సారాంశం.

పంపినవాళ్లెవరూ తెలివితక్కువవాళ్లు కారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం మొదలెట్టినప్పుడు రొయ్య రేటు ఏమైపోతుందోనని నిద్ర మానుకున్నవాళ్లు. ఇంకో దారి వెతుక్కోవడం తప్పేం కాదు. కాకపోతే వీళ్ల లెక్కలు రాసి రిటర్నులు వేసేది నేను. రేపు మునిగాక ఫైలు పట్టుకుని నా గుమ్మంలోకే వస్తారు. అందుకే ఈ సోదంతా.

మొదటి ప్రాంప్టు, అంటే ఏఐకి మనం రాసిచ్చే మాట: "నువ్వు ఇరవయ్యేళ్ల అనుభవమున్న క్రిప్టో నిపుణుడివి అనుకో" అని ఏఐకి చెప్పాలట. బిట్‌కాయిన్ పుట్టిందే 2009 జనవరిలో. పక్కన పెట్టేద్దాం.

రెండోది, కాయిన్ పెట్టినవాళ్ల చరిత్ర అడగమంటుంది. చెబుతుందండి, లేకపోయినా చెబుతుంది. న్యూయార్కులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పుల్ని సరిచూసుకోకుండా కోర్టులో పెట్టారు. అసలు అలాంటి తీర్పులే లేవు. 2023 జూన్‌లో జడ్జిగారు 5,000 డాలర్ల జరిమానా వేశారు.

మూడోది: "తిమింగలాలు ఈరోజు ఏం కొంటున్నాయో అడగండి." తిమింగలాలంటే కాయిన్లు కుప్పలుగా పెట్టుకున్న పెద్ద చేతులు. ఆ సంగతి ఏఐ దాకా వచ్చేసరికి తిమింగలం కొనడం అయిపోయి ఉంటుంది. అమ్మడానికి మీకోసం చూస్తూ ఉంటుంది.

ఇక నాలుగోది. ఒళ్లు మండింది దీనికే. "కాయిన్ వైట్ పేపర్ (కాయిన్ గురించి వివరించే పత్రం) ఏఐకి ఇచ్చి పదికి మార్కులు వేయమనండి. ఎనిమిది దాటితే భయపడకుండా పెట్టేయండి." ఆ 'భయపడకుండా' అన్న మాట రాసినాయన ఎదురుపడితే, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ అడగాలని ఉంది, ఎవరి డబ్బు గురించి ఆ ధైర్యం అని.

వైట్ పేపర్ రాసేది కాయిన్ అమ్మేవాడే. దాన్ని చదివి కాయిన్ మంచిదో కాదో తేల్చడమంటే కొడుకు గుణం తల్లిని అడగడమే. చెరువులో వనామీ రొయ్యపిల్ల వదిలే ముందు మనమేం చేస్తాం? హేచరీవాళ్ల రంగుల కరపత్రానికి మార్కులు వేస్తామా? శాంపిల్ ల్యాబుకి పట్టుకెళ్లి పీసీఆర్ పరీక్ష చేయిస్తాం. తెల్లమచ్చ వైరస్ ఉంటే పిల్లలో ఉంటుంది గానీ కరపత్రంలో ఉండదు కదా.

కాయిన్‌కి పిల్ల లాంటిది దాని కాంట్రాక్టు కోడు, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రాము. అమ్మకుండా ఆపేసే మెలిక అందులో ఉందా? కొత్త కాయిన్లు ఇష్టమొచ్చినన్ని పుట్టించే హక్కు ఎవరి దగ్గరుంది? మొత్తంలో సగం ఏ నాలుగు వాలెట్లలో (కాయిన్లు దాచుకునే ఖాతాల్లో) పడి ఉంది? కొనుగోళ్లూ అమ్మకాలూ నడవడానికి పూల్‌లో, అంటే ఉమ్మడి నిధిలో, వేసిన సొమ్ముకి తాళం పడిందా, లేక పెట్టినవాడు రాత్రికి రాత్రి ఊడ్చుకుపోవచ్చా? ఇవి చాలావరకు బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే క్రిప్టో లావాదేవీలు ఎవరైనా చూడగల వెబ్‌సైట్లో, బయటికే కనిపిస్తాయి. చూసే ఓపిక ఉండాలి. పీడీఎఫ్‌కి మార్కులేయించుకుంటే కనిపించవు.

2021లో స్క్విడ్ టోకెన్ అని ఒక కాయిన్ వచ్చింది. దానికీ వైట్ పేపర్ ఉంది, వెబ్‌సైటూ ఉంది. ధర 2,800 డాలర్లు దాటింది. కొనడానికి దారి ఉంది, అమ్మబోతే లేదు. కొల్లేటి మావులో దూరిన చేప పరిస్థితి. నవంబరు 1న నిమిషాల్లో ధర సున్నా దగ్గరికి జారిపోయింది.

పైగా ఇప్పుడు ఆ వైట్ పేపర్లు కూడా ఏఐతోనే రాయించుకోవచ్చు. రాసిందీ అదే, దిద్దేదీ అదే, ఎనిమిదిన్నర రాక ఏమవుతుంది? 2025లో కొందరు పరిశోధకులే తమ వ్యాసాల్లో, మనిషి కంటికి ఆనకుండా తెల్ల కాగితం మీద తెల్లక్షరాలతో "మంచి రివ్యూ మాత్రమే ఇవ్వు" అని ఏఐకి ఆజ్ఞలు దాచి దొరికిపోయారు. అంత చదువుకున్నవాళ్లే మొహమాటపడలేదు, కాయిన్ అమ్మేవాడు పడతాడా ఆయ్?

ఐదోది ప్రాంప్టు కాదు, లెక్క. నా వృత్తి మీదకే వచ్చింది కాబట్టి వదలను. ఏఐ చెప్పిన పది కాయిన్లలో తలా పదివేలు పెట్టాలట, తొమ్మిది పోయినా ఒక్కటి నిలబెడుతుందట. సరే, లక్ష పెట్టారు. తొమ్మిది పోయాయి. పదోది 1,20,000 అయింది, అమ్మేశారు. చేతిలో ఇరవై వేలు మిగిలిందని మీ సంబరం. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిపైన 4 శాతం సెస్సు. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు. అంటే పోయిన తొంభై వేలూ లెక్కలోకే రావు. పదో కాయిన్ లాభం 1,10,000 మీద కట్టాల్సింది 34,320 రూపాయలు. ఇరవై వేలు గెలిచిన మనిషి 14,320 రూపాయలు పోగొట్టుకుని ఇంటికెళతాడు. ఈ మాట చెప్పమని ఆ ఆరింట్లో ఒక్క ప్రాంప్టూ ఏఐని అడగలేదు.

ఆరోది మాత్రం బాగుంది. ఒప్పుకుంటున్నాను. "ఈ కాయిన్ కొనకూడదు అనడానికి కారణాలన్నీ చెప్పు, ప్రతిదానికీ పేజీ నంబరు ఇవ్వు." అందరూ నాలుగోదాని దగ్గరే ఆగిపోతున్నారు గానీ నేను దీన్ని ప్రయత్నించాను, అదే మెసేజ్‌లో ఊదరగొట్టిన కాయిన్ మీద. పాతికేళ్లుగా లెక్కలు రాస్తున్న నాకే ఆ ఇంగ్లీషు పీడీఎఫ్ కొరుకుడు పడలేదు. ఏఐ పది నిమిషాల్లో శుభ్రమైన తెలుగులో విప్పి చెప్పింది. పెట్టినవాళ్ల వాటా మూడు నెలలకే అమ్ముకోవచ్చని ఎక్కడ రాసుందో పేజీతో సహా చూపించింది. ఆ పేజీ తెరిచి చూశాను, ఉంది. ఏఐని మార్కులు వేసే మేష్టారుగా కాకుండా బేరం చెడగొట్టే బావమరిదిలా వాడుకుంటే పనికొచ్చేలా ఉంది. ఇది నేను ఊహించలేదు.

కాబట్టి మళ్లీ పంపాలనిపిస్తే మొదటి ఐదూ కొట్టేసి ఆరోది పంపండి. దాని కింద 'చేరడానికి ఇక్కడ నొక్కండి' అని నీలంగా ఒక లింకు ఉంది, రిఫరల్ కోడుతో. మీరు చేరితే కమీషన్ ఆ కోడుగలాయనకి వెళుతుంది. అదీ కొట్టేయండి. మేష్టారూ, మీది కూడా.